కరేరా జీటీ: ఆగిపోయిన రేసు ప్రాజెక్టు నుంచి రోడ్డెక్కిన ఇంజిన్

గండిపేట_గాలి · శుక్రవారం రాత్రి 10:38

అందరికీ నమస్కారం. ఎన్నాళ్ల నుంచో రాయాలనుకుంటున్న సంగతి ఇది. ఇవాళ ఆఫీసు నుంచి త్వరగా వచ్చాను, కూర్చున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

రేసు కారును రోడ్డు మీదికి తెచ్చిన కథలు మన వేదికలో చాలా చెప్పుకున్నాం. పందెంలో దిగాలంటే ఇన్ని కార్లు మామూలు జనానికి అమ్మి తీరాలని నిబంధన ఉండేది. ఆ లెక్క తీర్చడానికి పుట్టినవే మెర్సిడెస్ సీఎల్‌కే జీటీఆర్, పోర్షే 911 జీటీ1 రోడ్డు కార్లు. వాటికి రేసు ముందు, రోడ్డు తర్వాత. పోర్షే కరేరా జీటీ సంగతి వేరు. దాని ఇంజిన్ ఏ రేసు కోసం తయారైందో ఆ రేసులో అసలు దిగనే లేదు.

1991లో పోర్షే ఫార్ములా వన్‌లో ఫుట్‌వర్క్ జట్టుకు ఒక వి12, అంటే పన్నెండు సిలిండర్ల ఇంజిన్ ఇచ్చింది. బరువు ఎక్కువ, సత్తువ తక్కువ. సీజను సగంలో ఉండగానే జట్టు దాన్ని పక్కన పెట్టేసింది. ఆ అవమానం తర్వాత ఇంజనీర్లు పది సిలిండర్ల వి10 ఒకటి గీశారు. అది ఫార్ములా వన్ గడప తొక్కలేదు. ఏళ్లు గడిచాయి. 1998లో లె మాన్స్ 24 గంటల రేసులో 911 జీటీ1 గెలిచింది. దాని తర్వాత ఏ కారుతో వెళ్లాలి అన్నప్పుడు ఆ పాత వి10ను బయటికి తీసి, 5.5 లీటర్లకు పెంచి కొత్త రేసు కారులో కూర్చోబెట్టారు. 1999 నవంబరులో వైసాక్‌లోని సొంత ట్రాక్ మీద తిప్పి చూశారు కూడా. అంతటితో ప్రాజెక్టు మూతపడింది. అప్పుడు కంపెనీకి కయెన్ అనే కొత్త ఎస్‌యూవీ ముఖ్యం, మనుషులు అటు కావాలి.

ఇంజిన్ మాత్రం మిగిలింది. 2000 సెప్టెంబరులో పారిస్ మోటార్ షో సమయాన ఆ వి10 పెట్టిన ఒక నమూనా కారును ర్యాలీ డ్రైవర్ వాల్టర్ రోర్ల్ వానలో, పొద్దున్నే పారిస్ వీధుల గుండా నడిపి లూవ్ర్ మ్యూజియం దగ్గరికి తెచ్చాడు. చూసినవాళ్లు మాకు కావాలన్నారు. అలా మొదలైంది. రోడ్డు మీదికి వచ్చేసరికి 5.7 లీటర్లు, 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 612 హార్స్‌పవర్, 1,380 కిలోల బరువు, గంటకు 330 కిలోమీటర్లు, ఆరు గేర్లు, చేత్తో మార్చుకోవడమే. వీల్ తిరిగిపోతే పట్టుకునే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. కారు అడ్డం తిరిగితే సరిదిద్దే స్టెబిలిటీ కంట్రోల్ లేదు.

ఒక్క రేసు కూడా ఆడని కారును రేసు నుంచి పుట్టింది అనొచ్చా? నా వరకు అనొచ్చు, అనాలి. మీరేమంటారో చూసి నా కారణం చెప్తాను.

కూకట్‌పల్లి_కుర్రాడు · రాత్రి 10:51

అన్నా, ఇది 1,270 కట్టారు కదా. పరిమిత సంఖ్య అనడానికి ఎక్కువ కాదా? సీఎల్‌కే జీటీఆర్ రోడ్డు కార్లు 26. మెక్‌లారెన్ ఎఫ్1 అనే కారు (ఫార్ములా వన్‌ది కాదు) రేసువీ రోడ్డువీ కలిపి 106.

గండిపేట_గాలి · రాత్రి 10:56

1,500 అనుకున్నారు తమ్ముడూ, 1,270 దగ్గర ఆపేశారు. లైప్‌జిగ్ ఫ్యాక్టరీలో 2003 నుంచి 2006 వరకు. సంఖ్యను పట్టి విలువ కట్టొద్దు. ఫెరారీ ఎఫ్40 కూడా 1,300 దాటింది, దాన్ని ఎవరైనా మామూలు కారు అంటారా?

నిదానమే_ప్రధానం · రాత్రి 11:20

బాబూ గండిపేట, చక్కగా రాశావు. కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు, ఎందుకో చెప్తాను.

రేసు ట్రాక్ మీద ఎదురుగా బండి రాదు. మధ్యలో గేదె రాదు. గోడల ముందు టైర్ల గుట్టలుంటాయి, మలుపు మలుపుకూ జెండా పట్టుకున్న మనిషి ఉంటాడు. ఆ రక్షణలన్నీ ఉన్నాయన్న ధైర్యంతో కట్టే యంత్రాన్ని, అవేవీ లేని రోడ్డు మీదికి తోలడం నాకు తప్పుగానే తోస్తుంది. 2013లో అమెరికాలో నటుడు పాల్ వాకర్, ఆయన స్నేహితుడు చనిపోయింది ఈ కారులోనే. వాకర్ నడపలేదు, పక్క సీట్లో కూర్చున్నాడు. పక్కన కూర్చున్నవాడి ప్రాణానికి ఎవరు జవాబు? మా అబ్బాయి రోజూ రింగు రోడ్డు మీదే శంషాబాద్ వెళ్లొస్తాడు. వెనక నుంచి ఇలాంటి కారు దూసుకొస్తుందంటే తండ్రిగా నాకు గుండె దడే.

స్టుట్‌గార్ట్_విద్యార్థి · రాత్రి 11:47

ఇక్కడ ఇంకా సాయంత్రమే, అందుకే వెంటనే రాస్తున్నా. అంకుల్, మీ భయం అర్థమైంది. దానికి జవాబు నాకంటే తెలిసినవాళ్లు చెప్తారు. నేను విన్నది చెప్తాను.

ఇక్కడ త్సుఫెన్‌హౌజెన్‌లో పోర్షే మ్యూజియం ఉంది. క్లాసు లేని రోజు ఆ చుట్టుపక్కల తిరుగుతుంటాను. పోయిన ఏడాది ఎండాకాలంలో రోడ్డు దాటబోతుంటే వెండి రంగు కరేరా జీటీ ఒకటి సిగ్నల్ దగ్గర ఆగింది. మొదట పాడైన కారేమో అనుకున్నా. రేకు డబ్బాలో మేకులు వేసి మెల్లగా కదిలిస్తున్నట్టు చప్పుడు. పక్కనున్న పెద్దాయన, అది డ్రై క్లచ్, అంటే నూనెలో మునగని క్లచ్ చప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు అలాగే గలగలలాడుతుంది అన్నాడు. పచ్చ లైటు పడింది. కారు గోల లేకుండా, మెత్తగా, నడక వేగంతో కదిలింది. యాభై అడుగులు పోయాక నడిపే ఆయన ఎక్సలేటర్ తొక్కాడు.

ఆ గొంతు ఎలా చెప్పాలో తెలియట్లేదు. బరువైన ఉరుము కాదు. సన్నాయి ఎత్తుకున్నప్పుడు స్వరం పైకి, ఇంకా పైకి వెళ్తుంది చూడండి, తెగిపోతుందేమో అనుకునే చోట ఇంకో మెట్టు ఎక్కుతుంది, అలా. గేరు మారగానే కిందికి దిగి మళ్లీ ఎక్కింది. రెండుసార్లే. తర్వాత కనపడలేదు. నేను ఫోను తీయడం కూడా మర్చిపోయి నిలబడ్డా.

కూకట్‌పల్లి_కుర్రాడు · రాత్రి 11:53

ఒళ్లు జలదరించింది చదువుతుంటే.

రాణీగంజ్_రెంచి · శనివారం ఉదయం 6:15

తమ్ముళ్లందరికి నమస్తే. ముప్పై ఏండ్లాయె, క్లచ్ పనిలనే ఉన్న. ఈ కారు నేను చూడలె, ముట్టలె. క్లచ్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్న.

మా మేనల్లుడు దీని క్లచ్ ఫోటో ఒకసారి చూపిచ్చిండు. అడ్డం 169 మిల్లీమీటర్లు అని రాసుంది. నేను నమ్మలె. షెడ్డుల ఒక చిన్న కారుది విప్పి పడేసిన ప్లేటు ఉండె. టేపు పెట్టి చూసిన. 180. అంటే మన వాకిట్ల నిలబెట్టుకునే బండి ప్లేటు కంటె చిన్నది. ఆ చిన్న బండి ఇంజిన్‌కు టార్కు, అంటె తిప్పే బలం, 90 న్యూటన్ మీటర్లుంటే మస్తు. దీనికి 590. ఆరు రెట్లకు ఎక్కువ బలాన్ని, తక్కువ జాగల పట్టి ఆపాలె. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలె, నిజంగ చెప్తున్న.

ప్లేటు కాలుడంటె ఏంది? రెండు ముఖాలు ఒకదాని మీద ఒకటి జారుతయి, వేడి పుడ్తది, లైనింగు మాడిపోతది. పంజాగుట్ట సిగ్నల్ కాడ, అమీర్‌పేట ఎక్కుడు మీద బ్రేకు తొక్కకుంట హాఫ్ క్లచ్ మీద బండిని ఆపేటోళ్లుంటరు. వాళ్ల బండి షెడ్డుకొస్తె క్లచ్ మీది డొప్ప (బెల్ హౌసింగ్) విప్పకముందే వాసనను బట్టి చెప్పొచ్చు. వీళ్లు ఆ లైనింగే తీసేసి సిరామిక్ కాంపోజిట్ పెట్టిన్రు. బ్రేకు డిస్కులు గూడ దీనికి సిరామిక్‌వే. ఎంత వేడెక్కినా మాడదు. ఒక్క ప్లేటు కాదు, రెండు. అందుకే చిన్నగున్నా పట్టు సాలుతది.

కని సిరామిక్‌కు జారుడు పడదు. మామూలు ప్లేటు మెల్లగ, బతిమిలాడినట్టు పట్టుకుంటది. ఇది పట్టుకుంటె ఒక్కపారి పట్టుకుంటది. ఎక్సలేటర్ తొక్కి క్లచ్ వదిలితె దుంకుతది, లేకుంటె బంద్ పడ్తది. సిగ్నల్ కాడ మెత్తగ కదిలింది అని చిన్నోడు రాసిండు సూడు, ఆ నడిపెటాయనకు పని తెల్సు. దీనికి ఎక్సలేటర్ మీద కాలే పెట్టొద్దు. క్లచ్ ఒక్కటే మెల్లగ వదలాలె, ఇంజిన్ తనకు తానే సంభాళిచ్చుకుంటది. బండి కదిలి, కాలు క్లచ్ మీదికెళ్లి పూర్తిగ తీసినంకనే తొక్కాలె.

ఇంత తిప్పలు పడి క్లచ్ ఎందుకు చిన్నగ చేసిన్రు? అది నాకు తెల్వదు. ఎవరన్న చెప్పున్రి.

ఆదిభట్ల_కార్బన్ · ఉదయం 9:02

రెంచి అన్నా, మీ ప్రశ్నకు జవాబు నేను ఇస్తాను. అదే ఈ కారు గుట్టు.

ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఎంత కిందికి దిగుతుందో నిర్ణయించేది చాలాసార్లు క్లచ్చే. క్రాంక్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం, దానికి క్లచ్. ఆ గుండ్రం ఎంత పెద్దదైతే దాని సగం మేర క్రాంక్ నేలకు పైన ఉండాలి, లేదంటే క్లచ్ హౌసింగ్ రోడ్డుకు తగులుతుంది. క్లచ్‌ను 169కి కుదిస్తే క్రాంక్ కిందికి దిగుతుంది. క్రాంక్‌తో పాటు పది సిలిండర్లూ, హెడ్లూ, బరువంతా దిగుతుంది. మలుపులో కారు ఒరగడం తగ్గుతుంది. రేసు కార్లలో ఎప్పటి నుంచో ఇలాగే చేస్తారు. రోడ్డు కారులో ఎవరూ సాహసించరు, కారణం మీరు చెప్పినదే, నడిపేవాడికి కష్టం. ఇక్కడ వాళ్లు నడిపేవాడి సుఖం వదులుకుని బరువును కిందికి దించారు.

నేను ఆదిభట్లలో విమాన భాగాల యూనిట్‌లో పని చేస్తాను. రోజంతా కార్బన్ ఫైబరే. అందుకని ఇంకో సంగతి కూడా చెప్పాలి. దీని మోనోకాక్, అంటే మనుషులు కూర్చునే తొట్టి, కార్బన్. అది అప్పటికే కొత్త కాదు, మెక్‌లారెన్ ఎఫ్1లో ఉంది. కానీ దీనిలో ఇంజిన్, గేర్‌బాక్స్ మోసే వెనక ఫ్రేము కూడా కార్బనే. మా పనిలో ఉన్నవాళ్లకు ఇది చదవగానే చెమట పడుతుంది.

రెజిన్ (గట్టిపడే జిగురు) తడిపిన కార్బన్ గుడ్డను ఫ్రీజర్‌లో దాస్తాం. పొరలు పొరలుగా, ఒక్కో పొర నూలు ఒక్కో దిక్కుకు ఉండేలా అచ్చు మీద పరుస్తాం. గాలి బుడగ ఒక్కటి మిగిలినా తర్వాత అక్కడే విడిపోతుంది, కాబట్టి చేత్తో నొక్కి నొక్కి, వాక్యూమ్ సంచి కట్టి, ఆటోక్లేవ్‌లో వేడి మీద, ఒత్తిడి మీద ఉడికిస్తాం. ప్రెషర్ కుక్కర్ అనుకోండి, గది అంత పెద్దది. నూలు వేడికి భయపడదు. భయపడేది రెజిన్. ఒక హద్దు దాటితే మెత్తబడుతుంది, ఫ్రేము తన కొలత పోగొట్టుకుంటుంది. పది సిలిండర్ల ఇంజిన్‌నూ ఎర్రగా కాలే ఎగ్జాస్ట్‌నూ అలాంటి ఫ్రేముకు వేలాడదీయాలంటే ఆ వేడిని తట్టుకునే రెజిన్ కావాలి, గాలి పోయే దారులు కావాలి, లోహం బిగించే ప్రతి చోటా లెక్క కావాలి. ఒకటీ అరా షో కారుకు కాదు, 1,270 కార్లకు చేశారు. ఈ పని చేసే మనిషిగా వాళ్లకు దండం పెడతాను.

రాణీగంజ్_రెంచి · ఉదయం 9:10

సమజైంది అక్కా. క్లచ్ కోసం ఇంజిన్ కాదు, ఇంజిన్ కోసం క్లచ్. ఇయ్యాల పొద్దటికి ఇది సాలు నాకు.

చాదర్‌ఘాట్_చరిత్ర · ఉదయం 11:34

గండిపేట భాయ్ ప్రశ్నకు నా జవాబు: రేసు నుంచి రోడ్డుకు దారి ఒకటే కాదు, అందుకని అన్నింటినీ ఒకే తక్కెడలో తూచలేం.

సీఎల్‌కే జీటీఆర్ చూడండి. 1997లో ఎఫ్‌ఐఏ జీటీ పోటీ కోసం 128 రోజుల్లో కట్టిన రేసు కారు. ఆ ఏడాది టైటిల్ గెలిచింది. రోడ్డు కార్లు ఆ తర్వాత వచ్చాయి, నిబంధన అడిగిన పాతిక కోసం. మెక్‌లారెన్ ఎఫ్1 దారి తలకిందులు. గోర్డన్ ముర్రే దాన్ని రోడ్డు కోసమే గీశాడు. కొన్నవాళ్లు పట్టుబట్టారు కాబట్టి రేసుకు తయారైంది, 1995లో తొలిసారి వెళ్లిన లె మాన్స్‌లోనే గెలిచింది. ఫెరారీ ఎఫ్50 ఇంజిన్ వేర్లు 1990 ఫార్ములా వన్ కారులో ఉన్నాయి, 349 కార్లు కట్టారు. ఈ మధ్యది మెర్సిడెస్ ఏఎంజీ వన్. ఫార్ములా వన్ నుంచి తెచ్చిన 1.6 లీటర్ల వి6 హైబ్రిడ్. 2017లో చూపించారు, కొన్నవాళ్ల చేతికి 2023లో గానీ రాలేదు. రేసులో ఖాళీగా ఉన్నప్పుడే 5,000 ఆర్‌పీఎం దగ్గర తిరిగే ఇంజిన్‌ను 1,200 దగ్గర పొగ నిబంధనలకు లోబడి నిలబెట్టడానికి అన్నేళ్లు పట్టింది. 50,000 కిలోమీటర్లకు ఇంజిన్ విప్పి మళ్లీ కట్టాలి.

వీటి పక్కన కరేరా జీటీ పెట్టి చూస్తే, దానికి గెలిచిన కప్పు లేదు, నిబంధన లేదు, పేరున్న విజయం లేదు. అందుకే నాకు అది అన్నింటికంటే నిజాయతీ ఉన్న కారు అనిపిస్తుంది. గెలుపును అమ్ముకోలేదు. పని ఒక్కటే చూపించింది.

సందర్భం కాకపోయినా ఒక మాట. చౌమహల్లాలో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసినప్పుడల్లా నాకు దిగులేస్తుంది. అంత బాగా చేసిన యంత్రం, రోడ్డు చూసింది ఎంతో కొంచెం. కరేరా జీటీలు కూడా చాలావరకు ఇప్పుడు గ్యారేజీల్లో గుడ్డ కప్పుకునే ఉంటున్నాయి.

గండిపేట_గాలి · ఉదయం 11:58

చరిత్ర భాయ్, నేను రాద్దామనుకున్న కారణం మీరే రాసేశారు. రేసు అనేది కప్పులో లేదు, తొట్టిలో ఉంది, క్రాంక్ ఎత్తులో ఉంది. ఆదిభట్ల అక్క చెప్పిన ఫ్రేము ఒక్కటి చాలు నాకు.

దుబాయ్_డ్యూటీ · మధ్యాహ్నం 2:25

నిజామాబాద్ నుంచి వచ్చి పన్నెండేళ్లయింది అన్నా, ఇక్కడ ఒక గ్యారేజీలో పని. పేరు అడగొద్దు. రెంచి అన్న రాసింది చదివి ఆగలేక రాస్తున్న.

మా దగ్గరికి ఒక కరేరా జీటీ టైర్ల కోసం వచ్చింది. చక్రానికి ఐదు బోల్టులు ఉండవు, నడిమధ్యలో ఒక్కటే పెద్ద నట్. ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు నీలం. ఏ వైపుది ఆ వైపే బిగించాలి, మారిస్తే కుదరదు, అందుకే రంగు. గేరు కర్ర మీద కర్ర గుండు. నిజం కర్ర, లామినేట్ చేసింది. వాళ్ల పాత 917 రేసు కారులో బరువు తగ్గించడానికి బల్సా కర్ర పెట్టేవాళ్లంట, దాని గుర్తు. ఎండలో నిలబడ్డ కారులో లోహం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది ఇక్కడ. ఆ గుండు మాత్రం చేతికి చల్లగా, ఇంట్లో తలుపు గడియ పట్టుకున్నట్టు ఉంది.

లిఫ్టు మీద నుంచి దించి ఇరవై అడుగులు బయటికి తీయాలి. మా పెద్ద మెకానిక్ నన్ను కూర్చోబెట్టాడు. ఎక్సలేటర్ ముట్టొద్దు అని మూడుసార్లు చెప్పాడు. నేను పన్నెండేళ్లు ఇక్కడ, అంతకుముందు బోధన్ రోడ్డు మీద ఆటో, లారీ అన్నీ నడిపినోణ్ని. కాలు వినలే. అలవాటుగా కొంచెం తొక్కిన. ఎగిరి ఆగిపోయింది. రెండోసారి గూడ అంతే. మూడోసారి కుడికాలు మడిచి సీటు కిందికి లాక్కున్న. ఎడమకాలు ఒక్కటే, గాజు గిన్నె కింద పెట్టినట్టు వదిలిన. కదిలింది. అంత పెద్ద ఇంజిన్ నా మాట విని మెల్లగా నడుస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగినయి. ఇంటికి ఫోన్ చేసి మా నాయనకు చెప్పిన.

కూకట్‌పల్లి_కుర్రాడు · మధ్యాహ్నం 2:40

అన్నా, మా హైదరాబాద్‌లో ఒక్కటైనా చూసే యోగం ఉందా? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు అయినప్పుడు నేను ఎన్టీఆర్ మార్గ్ స్టాండ్‌లో ఉన్నా. ఆ రోజు పోర్షే కారు మూడో స్థానంలో వచ్చింది. కరెంటు కార్లు కాబట్టి ఈలలాంటి చప్పుడే. మరుసటి ఏడాది రేసు రద్దయింది.

గండిపేట_గాలి · మధ్యాహ్నం 3:05

కష్టం తమ్ముడూ. ఇక్కడికి కారు దిగుమతి చేసుకోవాలంటే స్టీరింగ్ కుడి వైపు ఉండాలి. కరేరా జీటీలన్నీ ఎడమ స్టీరింగ్‌వే. పైగా వాడిన కారైతే తయారై మూడేళ్లు దాటకూడదు. ఇవి వచ్చి ఇరవై ఏళ్లు. విదేశం నుంచి ఎవరైనా తమ కారును కార్నెట్ (సుంకం కట్టకుండా కొన్నాళ్లకు తెచ్చే అనుమతి పత్రం) మీద తెచ్చి కొన్నాళ్లు తిప్పి తీసుకెళ్లాలి, అంతే. డబ్బు సంగతి ఆ తర్వాత. కొత్తప్పుడు అమెరికాలో దీని ధర దాదాపు 4.4 లక్షల డాలర్లు. మన సుంకం అన్నీ కలిపితే కారు ధరను మించిపోతుంది.

ఒకవేళ వచ్చినా అన్న ఒక ఊహ నాకు ఎప్పుడూ ఉంటుంది. దీని వెనక రెక్క గంటకు 120 కిలోమీటర్ల దగ్గర తనంతట తాను పైకి లేస్తుంది. మన రింగు రోడ్డు మీద లోపలి లేన్లలో హద్దు కూడా 120. నార్సింగి దాటాక పొద్దున ఐదున్నరకు, పొగమంచులో, సరిగ్గా హద్దు దగ్గరికి చేరి రెక్క అలా లేచి నిలబడటం. అంతకు మించి నాకు వేగం అక్కర్లేదు.

నిదానమే_ప్రధానం · సాయంత్రం 5:30

అందరూ ఎంతో మర్యాదగా, ఎంతో ఇష్టంగా రాశారు. చదువుతుంటే నాక్కూడా ఆ కార్బన్ పని మీద గౌరవం కలిగింది. దుబాయ్‌లో ఉన్న బాబు రాసింది రెండుసార్లు చదివాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆ ఇద్దరి ప్రాణాల మాట ఎవరూ ఎత్తలేదు.

స్టుట్‌గార్ట్_విద్యార్థి · సాయంత్రం 6:12

తప్పే అంకుల్, దాటేశాం. దర్యాప్తులో తేలింది చెప్తాను. అక్కడ హద్దు గంటకు 45 మైళ్లు. కారు 80 నుంచి 93 మైళ్ల మధ్య వేగంతో ఉందని తేల్చారు, అంటే మన లెక్కలో 130 నుంచి 150 కిలోమీటర్లు. కారులో లోపం దొరకలేదన్నారు. ఆ నివేదికలో ఇంకో మాట ఉంది, జనం పెద్దగా పట్టించుకోనిది. టైర్లు తొమ్మిదేళ్ల నాటివి.

రాణీగంజ్_రెంచి · సాయంత్రం 6:40

తొమ్మిదేండ్లా? పెద్దాయనా, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడనే ఉంది.

టైరు చూస్తానికి కొత్తగనే కనపడ్తది. బండి తక్కువ తిరిగితె టైరు మీది గుండీలు గూడ అరగయి. కని రబ్బరు లోపల ఎండిపోతది. పాత చెప్పు అడుగు చూడుండ్రి, గట్టిగ, నున్నగ అయితది, తడి నేల మీద జారుతది. అదే. మామూలు బండికైతె కొంచెం జారి ఆగుతది. 612 గుర్రాలు వెనక చక్రాల మీద దుంకితె ఆ ఎండిన రబ్బరు ఏం పట్టుకుంటది? గ్యారేజీల గుడ్డ కప్పి పెట్టిన బండికే ఈ రోగం ఎక్కువ. చరిత్ర భాయ్ దిగులు పడ్డడు చూడు, తిరగని బండ్ల గురించి, అది ఉత్త దిగులు కాదు.

టైరు పక్కన చిన్న డబ్బాల నాలుగు అంకెలుంటయి. మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. 3219 అంటె 2019ల 32వ వారం. మీ అబ్బాయి రోజు శంషాబాద్ పోతడన్నరు. ఇయ్యాల రాత్రి బండి ఇంటికి రాంగనే నాలుగు టైర్లు, డిక్కీల స్టెప్నీ, ఐదిటివి చూసి ఇక్కడ రాయున్రి. అంకెలు ఒక్క వైపే ఉంటయి, లోపలి వైపుంటె స్టీరింగ్ పూర్తిగ తిప్పి ఫోన్ లైటు కొట్టి చూడాలె.

ఆదిభట్ల_కార్బన్ · సాయంత్రం 6:58

అంకుల్, ఇంకో సగం జవాబు నేను చెప్తాను, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఈ కారు నడిపేవాడికి ఏదీ దాచదు. క్లచ్ మొదటి అడుగులోనే చెప్తుంది, నేను మామూలు బండిని కాదు, నేర్చుకుని రా అని. దాన్ని వినేవాళ్లకే తాళం ఇవ్వాలన్నది మాత్రం మీ మాటే నా మాట. అలాంటి కారు కొన్నవాళ్లకు ట్రాక్ మీద శిక్షణ తప్పనిసరి చేయాలని నేనూ అంటాను.

నిదానమే_ప్రధానం · రాత్రి 9:47

అమ్మా, ఆ శిక్షణ మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను.

రెంచి గారూ, మీరు చెప్పినట్టే చూశాను. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చీకటి, మా అబ్బాయి లైటు పట్టుకున్నాడు, నేను మోకాళ్ల మీద కూర్చుని చదివాను. ముందువి రెండూ 1122. వెనకవి రెండూ 0517. స్టెప్నీ 4816. వెనకవి చూస్తే గుండీలు బాగానే ఉన్నాయి, అందుకే ఇన్నాళ్లూ మార్చలేదు. చేత్తో ముట్టుకుంటే మీరన్నట్టు గట్టిగా, నున్నగా ఉన్నాయి. పక్క గోడ మీద సన్నటి పగుళ్లు కూడా కనపడ్డాయి.

రాణీగంజ్_రెంచి · రాత్రి 9:52

రేపు అబ్బాయిని రింగు రోడ్డు ఎక్కనియ్యకున్రి. వెనకవి రెండు, స్టెప్నీ, మూడు మార్చాలె. కొత్తవి ఎవరి కాడ కొన్నా సరె, కొనే ముందు ఆ నాలుగు అంకెలు చూసి కొనున్రి, దుకాణంల ఏండ్ల నుంచి పడున్నవి గూడ అంటగడ్తరు.

నిదానమే_ప్రధానం · రాత్రి 9:55

సరే. రేపు ఆదివారం, దుకాణం తెరవగానే వెళ్తాం. వాడు సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్లేలోపు అయిపోవాలి.

గండిపేట_గాలి · రాత్రి 10:20

రెంచి అన్నా, నేను ఇవాళ అట్ట మీద కంపాస్‌తో 169 మిల్లీమీటర్ల గుండ్రం గీసి కత్తిరించాను. మా పాప టిఫిన్ తినే స్టీలు ప్లేటు మీద పెడితే చుట్టూ అంచు మిగిలింది. అరచేయి పూర్తిగా చాపితే దాదాపు సరిపోయింది. చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. మీ దగ్గరున్న ఆ 180 ప్లేటు పడేయకండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది.

రాణీగంజ్_రెంచి · రాత్రి 10:26

పడెయ్యలె. వచ్చే ఆదివారం పొద్దుగాల ఆరింటికి నెక్లెస్ రోడ్డు మీద, పీపుల్స్ ప్లాజా కాడికి తెస్త. పెద్దాయన గూడ రావాలె, బండి తీస్కొని. టైర్లు ఎట్ల బిగిచ్చిన్రో చూస్త.

నిదానమే_ప్రధానం · రాత్రి 10:31

తప్పకుండా వస్తాను. మా అబ్బాయిని కూడా తీసుకొస్తాను.

దుబాయ్_డ్యూటీ · రాత్రి 10:44

ఆ రెండు గుండ్రాలు పక్కపక్కన పెట్టిన ఫోటో నాకు పంపండి అన్నా.